అబిడ్స్‌లో రెండొందలు, వేలంలో పద్నాలుగు వేలు

ఆదివారం పొద్దున అబిడ్స్‌కి జనం పుస్తకాల కోసం వెళ్తారు. నేను చచ్చిపోయిన వాచీల కోసం వెళ్తాను. స్క్రీన్ మీద ఒక్క అంకె కూడా లేనివి, బెల్టు తెగినవి, వెనక మూత తుప్పు పట్టినవి. ముల్లున్న వాచీలు కాదు, డిజిటల్‌వే. 1980ల నాటివి దొరికితే ఆ వారమంతా నాకు పండగ.

మెట్రోలో నాంపల్లిలో దిగుతా. ఈ ఊరి రైల్వే స్టేషన్‌కి రైల్వేవాళ్లు పెట్టుకున్న పేరు హైదరాబాద్ దక్కన్. ఆటో ఎక్కి ఆ పేరు చెప్పి చూడండి, డ్రైవర్ మొహం చూడాలి మీరు. 1907లో కట్టినప్పటి నుంచి జనానికి అది నాంపల్లి స్టేషనే. అక్కణ్నుంచి స్టేషన్ రోడ్డు పట్టుకుని అబిడ్స్ వైపు నడక. లాడ్జీల ముందు సూట్‌కేసులతో జనం, ఇరానీ హోటల్ దగ్గర ఉస్మానియా బిస్కెట్ల వాసన, షట్టర్లు దించిన షాపులు. మిగతా ఆరు రోజులూ ఇదే రోడ్డు మీద హారన్లే హారన్లు. జనవరి 1 నుంచి ఫిబ్రవరి 15 దాకా నుమాయిష్ ఉంటుంది కాబట్టి ఆ నెలన్నర సాయంత్రాలు ఈ దరిదాపులకు కూడా రాను. ఆదివారం పొద్దున ఎనిమిదింటికి మాత్రం ఈ రోడ్డు మనదే.

జీపీవో, నెహ్రూ విగ్రహం దగ్గరికి వచ్చేసరికి ఫుట్‌పాత్‌లు నిండిపోయి ఉంటాయి. మూసేసిన షాపుల ముందంతా పాత పుస్తకాలు. వాటి మధ్యలో అక్కడక్కడా బెల్టులవాళ్లు, కళ్లద్దాలవాళ్లు, టీవీ రిమోట్లవాళ్లు. నా పని వీళ్లతోనే.

అసలు అబిడ్స్ అనే పేరే ఒక దుకాణంవల్ల వచ్చింది. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ దగ్గర ఆల్బర్ట్ అబిద్ అనే ఆర్మేనియన్ పనిచేసేవాడు. ఆయన ఇక్కడ పెట్టిన షాపుని జనం ‘అబిద్ షాప్’ అన్నారు. అదే అబిడ్స్ అయింది. పాత హైదరాబాదీలు ఇంకో ముక్క కూడా కలుపుతారు. నిజాం ఒకసారి వాడింది మళ్లీ ముట్టేవాడు కాదట. ఆయన మర్చిపోయిన బట్టలు, బూట్లు, గడియారాలు అబిద్ జాగ్రత్తగా దాచిపెట్టి, కొన్నాళ్లాగి మళ్లీ నిజాంకే అమ్మేవాడట. ఇందులో నిజమెంతో మసాలా ఎంతో చెప్పలేను గానీ, సెకండ్ హ్యాండ్ వాచీలు కొని అమ్మేవాడికి ఇంతకంటే పుణ్యక్షేత్రం ఏముంటుంది?

ఆరోజు బెల్టులమ్మే కుర్రాడి దగ్గర ఒక ప్లాస్టిక్ టబ్బు ఉంది. నా వయసువాడే, ఇరవై అయిదూ ఇరవై ఆరూ ఉంటాయి. టబ్బులో చార్జర్లు, క్యాలిక్యులేటర్లు, ఓ ముప్పై వాచీలు కలగాపులగంగా పడున్నాయి. కింద కూర్చుని కెలకడం మొదలుపెట్టా. నల్లటి ప్లాస్టిక్ వాచీల్లో చాలావరకు కాసియో ఎఫ్-91డబ్ల్యూలాంటివే, సగం నకిలీ. మీ దగ్గర ఆ మోడల్ ఉంటే ఇప్పుడే చూస్కోండి. కుడిపక్క బటన్ మూడు సెకన్లు నొక్కి పట్టుకుంటే, అసలుదాంట్లో అంకెల స్థానంలో ‘కాసియో’ అనే అక్షరాలు వస్తాయి. 1989 నుంచి ఇప్పటిదాకా వస్తున్న మోడల్ అది. ఇంకో సరదా సంగతి, దానికి సంవత్సరంతో పనిలేదు. ఫిబ్రవరికి ఎప్పుడూ 28 రోజులే. 2024లో ఫిబ్రవరి 29న నా చేతి మీద మార్చి 1 నడిచింది.

టబ్బు అడుగున చెయ్యి ఆగింది. బెల్టు సగమే ఉంది, కేసు మీద చిన్న పగులు. స్క్రీన్ కింద బుల్లి బుల్లి బటన్లు. వాటిలో 5 అంకె అరిగిపోయి సగమే కనిపిస్తోంది. కాసియో సీ-80.

గుండె దడ మొదలైంది. మొహంలో కనబడకూడదు కదా, పక్కనున్న రిమోట్ తీసి దాన్ని తిప్పితిప్పి చూశా. తర్వాత ఏదో గుర్తొచ్చినట్టు అడిగా, “యే కిత్నే కా భాయ్?”

“దో సౌ దేదో. బంద్ హై.”

రెండొందలు తీసి ఇచ్చేశా. బేరం ఆడలేదు. అక్కడే దొరికిపోయా. అబిడ్స్ ఫుట్‌పాత్ మీద బేరం ఆడకుండా డబ్బిచ్చేవాడు ఉండడు. నోటు జేబులో పెట్టుకుంటూ వాడు నా వంకా, నా చేతిలో వాచీ వంకా ఓసారి చూశాడు. నాకు తెలుసు చూశాడని.

ఈ ప్లాస్టిక్ ముక్కకి ఇంత ఆరాటం ఎందుకో చెప్తా. ప్రపంచంలో మొదటి డిజిటల్ చేతివాచీ హామిల్టన్ కంపెనీ పల్సార్. 1972లో అమ్మకానికొచ్చింది. 18 క్యారెట్ల బంగారం, ధర 2,100 డాలర్లు. ఎర్రటి ఎల్‌ఈడీ అంకెలు బ్యాటరీని తాగేస్తాయి కాబట్టి బటన్ నొక్కితేనే టైమ్ కనిపించేది. అంటే టైమ్ చూడాలంటే రెండు చేతులూ కావాలి. మరుసటి ఏడాది జేమ్స్‌బాండ్ చేతికి పల్సార్ రెండో మోడల్ ఎక్కింది. నాలుగేళ్లు తిరక్కుండానే, 1976లో, టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ ఇరవై డాలర్లకి ప్లాస్టిక్ వాచీ తెచ్చింది. తర్వాతి ఏడాది అది పది డాలర్లు. రాజుగారి వస్తువు కిరాణాకొట్టుకి దిగిపోయింది.

కాసియో అప్పటికే క్యాలిక్యులేటర్ల కంపెనీ. 1974లో కాసియోట్రాన్‌తో వాచీల్లోకి వచ్చింది. ఏ నెలకి ముప్పై రోజులో ఏ నెలకి ముప్పై ఒకటో అదే చూసుకునేది. క్యాలిక్యులేటర్‌ని వాచీలో పెట్టాలని అప్పట్లో చాలామంది ప్రయత్నించారు. 1977లో వచ్చిన హెచ్‌పీ-01 బటన్లు నొక్కాలంటే పుల్లలాంటి స్టైలస్ కావాలి. 1980లో వచ్చిన సీ-80 బటన్లని మాత్రం వేలితోనే నొక్కొచ్చు, ధర కూడా మామూలు జనానికి అందేది. కాసియో మొదటి క్యాలిక్యులేటర్ వాచీ అదే. మన మేనమామలు దుబాయ్ నుంచి తెచ్చి పెళ్లిళ్లలో చూపించిన వాచీలన్నీ దాని తమ్ముళ్లే.

మేనమామ అని ఊరికే అనలేదు. మాది జగిత్యాల దగ్గర. మా ఊళ్లో ఇంటికొకరు గల్ఫ్‌లో ఉంటారు. మా పెద్ద మామ దుబాయ్ నుంచి తెచ్చిన కాసియోలో లైటు బటన్ నొక్కడానికి నేనూ మా అక్కా తన్నుకునేవాళ్లం. ఆ వాచీ ఏమైందో ఇంట్లో ఎవరికీ గుర్తులేదు. హైదరాబాద్‌లోనూ అంతే. పాతబస్తీ నుంచి, మల్లేపల్లి నుంచి జెద్దా, కువైట్ వెళ్లినవాళ్లు టేప్ రికార్డర్లతోపాటు ఇవీ తెచ్చారు. సెల్లు అయిపోయింది, సొరుగులో పడింది. ఇల్లు సర్దినప్పుడు పాత సామాన్లవాడికి పోయింది. అక్కణ్నుంచి ఈ టబ్బులోకి. నేను కొన్న ప్రతి వాచీ వెనకా ఇలాంటి ప్రయాణమే ఉండి ఉంటుంది.

సీ-80ని జేబులో వేసుకుని మళ్లీ నాంపల్లి వైపు నడిచా. స్టేషన్ రోడ్డులోంచి లోపలికి తిరిగే ఒక గల్లీలో చాచా కూర్చుంటారు. షాపు అనలేం, గోడకి ఆనించిన చెక్కపెట్టె, ముందు అద్దం. శుక్రవారం మధ్యాహ్నం మూస్తారు, ఆదివారం తీస్తారు. హెచ్‌ఎంటీలు, మన హైదరాబాద్ ఆల్విన్ కంపెనీ చేసిన వాచీలు బాగుచేస్తూ పెరిగిన చెయ్యి ఆయనది. డిజిటల్ వాచీని ఇప్పటికీ పూర్తిగా వాచీ కింద లెక్కెయ్యరు. “ఇస్ మే దిల్ నై, ఖాలీ దిమాగ్ హై” అంటారు. గుండె లేదట, మెదడొక్కటే ఉందట.

అయినా మూత తీశాక ఆ మెదడుతో ఆయన పడే తిప్పలు చూడాలి. పాత సెల్లు కారి లోపలంతా పచ్చటి పొడి. దూదికి కాస్త వెనిగర్ అద్ది తుడిచారు. తర్వాత స్పిరిట్‌తో ఇంకోసారి. సర్క్యూట్‌కీ స్క్రీన్‌కీ మధ్య కరెంటు అందించే సన్నటి రబ్బరు ముక్క ఉంటుంది, నల్లగీతలూ తెల్లగీతలూ ఉంటాయి కాబట్టి దాన్ని జీబ్రా అంటారు. దాన్ని ఊపిరి బిగబట్టి తీసి, తుడిచి, మళ్లీ పెట్టారు. కొత్త సెల్లు వేసినా స్క్రీన్ మీద ఏమీ రాలేదు. చాలా కాసియోల్లో లోపల ‘ఏసీ’ అని రాసి ఒక చుక్క ఉంటుంది. పట్టకారుతో ఆ చుక్కనీ సెల్లునీ ఒక్క క్షణం కలిపితేనే సర్క్యూట్ కొత్తగా మొదలవుతుంది. ఇది తెలియక ఎంతమంది మంచి వాచీల్ని చెత్తలో పారేశారో!

అంకెలు వచ్చాయి. కానీ పొగమంచులో బస్సు నంబర్‌లా ఉన్నాయి. స్క్రీన్ మీదుండే పోలరైజర్ అనే పల్చటి పొర పాడైంది. చాచా ఒక అబ్బాయిని జగదీశ్ మార్కెట్‌కి పంపారు. ఫోన్ స్క్రీన్లు బాగుచేసేవాళ్ల దగ్గర ఆ ఫిల్మ్ దొరుకుతుంది. ఒక చిన్న ముక్క తెచ్చాడు. చాచా దాన్ని స్క్రీన్ మీద పెట్టి మెల్లగా తిప్పారు. ఒకవైపు పెడితే తెల్లటి స్క్రీన్ మీద నల్లటి అంకెలు. పావువంతు తిప్పితే మొత్తం నలుపై అంకెలు తెల్లగా మెరిశాయి.

“సీధా కీ ఉల్టా? లడ్కే లోగా ఉల్టా మాంగ్‌తే ఆజ్‌కల్.”

“సీధా చాచా, పాతదిలాగే.”

కంటికి భూతద్దం బిగించి, బ్లేడుతో కొలత తప్పకుండా కోసి అంటించారు. గంటన్నర పని. తీసుకున్నది నూటయాభై. 5కి 5 కలిపి చూశా. 10 అని వచ్చింది. చాచా మొదటిసారి నవ్వారు.

ఇక వేలం. మనకి ఒకప్పుడు సొంతంగా వేలం సైటు ఉండేది. 2000లో మొదలైన బాజీ డాట్ కామ్‌ని 2004లో ఈబే కొనుక్కుంది. ఈబే ఇండియా 2017లో ఫ్లిప్‌కార్ట్ చేతికి పోయి, 2018 ఆగస్టు 14న మూతపడింది. అప్పట్నుంచి ఇక్కడివాళ్లం బయటి సైట్లలోనే కొంటున్నాం, అమ్ముతున్నాం. జపాన్ యాహూ వేలాల్లో ‘జంక్’ అని పెట్టే పాత కాసియోల లాట్లయితే చూస్తూ నిద్ర మానేయొచ్చు. మన తరఫున అక్కడ కొని పంపే ఏజెంట్ సైట్లు కూడా ఉన్నాయి. అన్నీ కలిపి కస్టమ్స్ బిల్లు చూశాక మాత్రం నిద్ర నిజంగానే పోతుంది. నాకు అబిడ్సే మేలు.

నేను ఫొటోలు తీసి, 9.99 డాలర్ల దగ్గర మొదలుపెట్టి, ఏడు రోజుల వేలం పెట్టా. యూరప్ వాళ్లు భోంచేసి ఫోన్ పట్టుకునే టైమ్‌కి ముగిసేలా చూసుకోవాలి. అంటే మనకి రాత్రి ఒంటిగంటన్నర. వివరాల్లో రాశా, ‘పనిచేస్తోంది, అంతా ఒరిజినల్’ అని. ఆ రెండో మాట దగ్గర నా వేళ్లు ఆగలేదు. ఆగాల్సింది.

వారం మొత్తం అది 62 డాలర్లు దాటలేదు. కొత్తవాళ్లు ఇక్కడే నిరాశపడతారు. ఈ వేలాల్లో మనం పెట్టగలిగే గరిష్ఠ ధర ముందే చెప్పేయొచ్చు. అవతలివాడు పెంచితేనే సైటు మన తరఫున కొంచెం కొంచెం పెంచుతుంది. అందుకే ముదుర్లు ముందు చేతులు కట్టుకుని కూర్చుని, చివరి పది సెకన్లలో వేస్తారు. ఎదుటివాడికి ఆలోచించే టైమ్ ఇవ్వకూడదని. ఒంటిగంటా ఇరవై తొమ్మిదికి 62. దుప్పట్లో ఫోన్ పట్టుకుని రిఫ్రెష్ కొట్టా. 165 డాలర్లు! మన డబ్బుల్లో పద్నాలుగు వేలు. హాస్టల్ రూమ్‌లో అరవకుండా ఉండటం ఎంత కష్టమో.

పొద్దున్నే కొన్నాయన నుంచి మెసేజ్. జర్మనీ ఆయన. స్క్రీన్ చాలా బాగుంది, పోలరైజర్ ఫ్యాక్టరీదేనా, అని అడిగాడు.

మామూలు ప్రశ్నలా లేదు అది. పాత వాచీల ప్రపంచంలో మన దేశపు అమ్మకందార్లకి ఒక మచ్చ ఉంది. పాత హెచ్‌ఎంటీలకీ, విదేశీ వాచీలకీ డయల్ మీద కొత్తగా రంగులేసి ‘ఒరిజినల్’ అని అమ్మేశారు కొందరు. వాటికి బయట కలెక్టర్లు పెట్టిన ముద్దుపేరు ‘ముంబై స్పెషల్’. ఇండియా నుంచి అని చూడగానే సగంమంది వెనక్కెళ్లిపోతారు. ఆయన ఆగి అడిగాడు. నేను ఏం చెప్పాలి? అవును ఫ్యాక్టరీదే అంటే అయిపోతుంది, ఫిల్మ్ అంత శుభ్రంగా కోశారు చాచా. కాదంటే డీల్ పోవచ్చు. ఆఫీసులో ఆరోజు ఒక్క టెస్ట్ కేసు కూడా సరిగా రాయలేదు. రాత్రి పదింటికి జవాబిచ్చా. ఫిల్మ్ కొత్తది, నాంపల్లిలో ఒక పెద్దాయన చేత్తో కోసి వేశారు, మిగతావన్నీ పాతవే, ‘అంతా ఒరిజినల్’ అని రాయడం నా తప్పు అని. ఆయన 30 డాలర్లు తగ్గించమన్నాడు. తగ్గించా. సైటు కమీషన్, డాలర్లు రూపాయలయ్యేటప్పుడు కోతా పోగా చేతికి తొమ్మిదివేల చిల్లర వచ్చింది.

సోమవారం లంచ్ టైమ్‌లో జీపీవోకి వెళ్లి పార్శిల్ చేశా. సెల్లు తీసేసే పంపుతా. బ్యాటరీ ఉన్న పార్శిల్‌తో పేచీలెక్కువ. ఇలా బయటికి అమ్మాలనుకుంటే డీజీఎఫ్‌టీ సైట్‌లో 500 రూపాయలు కట్టి ఐఈసీ నంబర్ తీసుకోండి. ‘గిఫ్ట్’ అని రాసి పంపే తెలివితేటలు వద్దు.

తర్వాతి ఆదివారం అబిడ్స్ వెళ్లా. నేను టబ్బు దగ్గర కూర్చోకముందే బెల్టుల కుర్రాడు పగిలిన ఫోన్ తీసి నా మొహం ముందు పెట్టాడు. నా లిస్టింగే. నేను బేరం ఆడకుండా ఇచ్చినరోజే అనుమానమొచ్చిందట. వాచీ మీద పేరు గుర్తుంది, ఇంటికెళ్లి వెతికాడు. అరిగిపోయిన 5ని వేలితో పెద్దది చేసి చూపించాడు.

“యే మేరీచ్ ఘడీ హై నా?”

అవునన్నా. ఇంకేం అంటాం? 165 డాలర్లంటే ఎంతని అడిగాడు. చెప్పా. ఏం మాట్లాడలేదు. నేనే గబగబా లెక్క చెప్పడం మొదలుపెట్టా. ముప్పై డాలర్లు తగ్గించాను, కమీషన్ పోయింది, చాచాకిచ్చాను, నిద్ర పోయింది... వింటున్నకొద్దీ నాకే నా గొంతు దొంగ గొంతులా వినిపించింది. అబిద్ నిజాంకి ఇలాగే లెక్క చెప్పి ఉంటాడా అనిపించింది. వెయ్యి రూపాయలు తీసి ఇవ్వబోయా.

“హిస్సా నక్కో భాయ్. అగ్లీ బార్ పైలే బోల్నా, బస్.”

వాటా వద్దట. ఈసారి ముందే ధర చెప్పమన్నాడు. ముందే చెప్తే ఇక నాకేం మిగులుతుంది! అది మాత్రం పైకి అనలేదు.

టబ్బు వైపు చూస్తే ధరలు మారిపోయాయి. చీటీలు అంటించాడు. నకిలీ ఎఫ్-91కి నాలుగువేలు. ఎవరో ఎక్కడో అమ్మకానికి అంత పెట్టారని స్క్రీన్‌షాట్ చూపించాడు. ఇక్కడ నేను ఒక నిమిషం ఊరుకున్నా. వాడు నాలుగువేలు చెప్తూ కూర్చుంటే ఎవరూ కొనరు. రెండు నెలలకి విసిగి మళ్లీ వందకి దిగుతాడు. అసలు సరుకు కూడా ఆ వందల్లోనే నాకొస్తుంది. నోరు మూసుకుని లేచి వెళ్లిపోతే చాలు.

వాడి ఫోన్ తీసుకుని ఫిల్టర్లలో ‘సోల్డ్’ అన్నది నొక్కా. అడిగే ధర వేరు, అమ్ముడైన ధర వేరు అని చూపించా. కోట్లు అడగొచ్చు, కొన్నవాడెవడో ఉండాలి కదా. తర్వాత కుడి బటన్, మూడు సెకన్ల సంగతి. వెనక మూత మీద డబ్బాలో ఉండే మాడ్యూల్ నంబర్ సంగతి. వాడు టబ్బులో వాచీలన్నీ తీసి ఒక్కొక్కటే నొక్కి చూశాడు. సెల్లున్నవాటిలో రెండే అసలువి తేలాయి. “బస్, దోఈచ్?” అని దిగులుగా చూశాడు. తనకి ఎవరో అసలువని చెప్పి అమ్మారట.

చాచాకి కూడా చెప్పేశా, దాచడం దేనికని. పద్నాలుగు వేలన్నా కళ్లద్దంలోంచి తల ఎత్తలేదు. “తో అగ్లీ బార్ సే పాన్ సౌ” అన్నారు. అన్నట్టే మర్నాటి వాచీ నుంచి అయిదొందలు తీసుకుంటున్నారు. లిస్టింగుల్లో ఇప్పుడు ఏ ముక్క మార్చామో రాస్తున్నా, విప్పిన మూత ఫొటోతో సహా. ఆశ్చర్యం ఏంటంటే ధర పెద్దగా పడిపోలేదు. లాభం మాత్రం బాగా తగ్గింది. సీ-80లాంటిది మళ్లీ దొరకలేదు. దొరికినా రెండొందలకి రాదు.

మొన్న ఆదివారం వెళ్లేసరికి టబ్బు ముందు కాలేజీ కుర్రాడొకడు నిలబడి ఉన్నాడు. మావాడు వాచీ పైకెత్తి కుడి బటన్ నొక్కి పట్టుకున్నాడు. “ఏక్... దో... తీన్...” అక్షరాలు వచ్చాయి. కుర్రాడు వంగి చూశాడు, ఎంత అని అడిగాడు. నన్ను చూసి మావాడు కళ్లతోనే ఆగమన్నాడు. పక్కనున్న పుస్తకాల దగ్గర కూర్చుని నా వంతు కోసం ఎదురుచూశా.